పారణ లేని ఉపవాసం

పాఠ్యభాగ ఉద్దేశం

యౌవనారంభంలో తలెత్తే ఆహార రుగ్మతల స్వభావాన్ని తెలపడం, వాటికి ఆసుపత్రి చికిత్స ఎప్పుడు, ఎందుకు అవసరమవుతుందో వివరించడం, పద్దెనిమిదేళ్లకు అటూ ఇటూ ఉన్న వయసులో కుటుంబం, వైద్యులు, చట్టం నిర్వహించవలసిన పాత్రను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

"లంఖణం పరమౌషధం" అనేది తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తున్న మాట. అజీర్తి చేసినప్పుడు ఒక పూట కడుపును ఖాళీగా ఉంచడం పెద్దలకు తెలిసిన తొలి వైద్యం. ఏకాదశి, మహాశివరాత్రి, కార్తిక సోమవారాలు, రంజాన్ మాసం, శ్రమదినాలు మొదలైన సందర్భాలలో ఉపవాసానికి గౌరవస్థానం ఉంది. అయితే ఏ ఉపవాసానికైనా ఒక ముగింపు ఉంటుంది. ఏకాదశి మరునాడు ద్వాదశి పారణ ఉంటుంది. రంజాన్ ఉపవాసానికి ప్రతి సాయంత్రం ఇఫ్తార్ ఉంటుంది. ఉపవాసాన్ని ఆరంభించడమే కాదు, విరమించడం కూడా ఆచరించేవారి చేతిలోనే ఉంటుంది.

ఇందుకు భిన్నంగా పారణ లేని ఉపవాసం ఒకటి ఉంది. పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో అది ఎవరికీ తెలియకుండా మొదలవుతుంది. మొదట నూనె పదార్థాలు, తరువాత తీపి వస్తువులు, ఆ తరువాత అన్నం కంచం నుంచి తొలగిపోతాయి. "సన్నబడ్డావు, చక్కగా ఉన్నావు" అనే పరిచయస్థుల ప్రశంస దానికి ఊతమిస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి తినాలనుకొన్నా తినలేని స్థితి వస్తుంది. కంచం ముందు కూర్చోగానే భయం ఆవహిస్తుంది. ఇంటివారు దీనిని మొండితనమనో, సోకు అనో, పరీక్షల బెంగ అనో భావిస్తారు. వైద్యశాస్త్రం మాత్రం దీనిని ఒక రుగ్మతగా గుర్తించి 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టింది. మానసిక రుగ్మతలలో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో ఇదొకటి. అదే సమయంలో, సకాలంలో చికిత్స అందితే కోలుకొని నిండు జీవితం గడిపేవారు అనేకులు. ఈ రెండు సత్యాల నడుమ రోగి ఎటు చేరతాడన్నది చాలావరకు చికిత్స ఎంత త్వరగా అందిందనే దానిపై ఆధారపడి ఉంటుంది.

రుగ్మత స్వరూపం

ఆహార రుగ్మతలు పలు విధాలు. బరువు పెరుగుతామనే తీవ్రభయంతో ఆహారాన్ని క్రమంగా విసర్జించడం అనొరెక్సియా లక్షణం. ఒకేసారి అతిగా తిని, ఆ తరువాత పశ్చాత్తాపంతో దానిని బలవంతంగా శరీరం నుంచి బయటకు పంపే ప్రయత్నం చేయడం 'బులీమియా నెర్వోసా' లక్షణం. దీనిని 1979లో లండన్‌కు చెందిన మనోవైద్యుడు జెరాల్డ్ రస్సెల్ ప్రత్యేక రుగ్మతగా వర్ణించాడు. బులీమియా ఉన్నవారు చూడడానికి సాధారణమైన బరువుతోనే ఉండవచ్చు. అందువల్ల వారి బాధ ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాకపోవచ్చు.

భారతదేశంలోని వైద్యులు గమనించిన విశేషం మరొకటి ఉంది. ఇక్కడి రోగులలో కొందరు "లావవుతానేమోనని భయం" అని చెప్పరు. "కడుపు ఉబ్బరంగా ఉంది", "తింటే వికారంగా ఉంది", "ఆకలి లేదు" అని చెబుతారు. అందుచేత కుటుంబం ముందుగా ఉదరకోశ వైద్యుని ఆశ్రయిస్తుంది. పరీక్షలలో ఏ దోషమూ కనిపించదు. మందు మారుతుంది, వైద్యుడు మారతాడు, దిష్టి తీయడం, మొక్కులు మొక్కడం జరుగుతాయి. ఈలోగా విలువైన నెలలు గడిచిపోతాయి. కడుపుకు సంబంధించిన వ్యాధులు లేవని నిర్ధారించుకోవడం అవసరమే. కాని అవి లేవని తేలిన తరువాత కూడా బరువు తగ్గుతూనే ఉంటే కారణాన్ని మరొకచోట వెదకాలి.

చరిత్రలో కౌమారం

ఈ రుగ్మత నవీన నాగరికత తెచ్చినదనీ, సినిమాలు, ప్రకటనలు మాత్రమే దీనికి మూలమనీ అనుకోవడం పొరపాటు. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ మార్టన్ 1689లో ప్రచురించిన క్షయవ్యాధి గ్రంథంలో క్షయ కాని ఒక విచిత్రమైన కృశత్వాన్ని వర్ణించాడు. అందుకు అతడు రెండు ఉదాహరణలు చూపాడు. మొదటిది పద్దెనిమిదో ఏట వ్యాధికి లోనైన ఒక బాలికది. ఆమె కొంతకాలం మందులు పుచ్చుకొని, వాటితో విసిగి చికిత్సను నిరాకరించింది. మూడు నెలలలో మరణించింది. రెండవది పదహారేళ్ల బాలునిది. మితిమీరిన చదువు, మనోవ్యాకులత అతని ఆకలిని హరించాయని మార్టన్ భావించాడు. చదువుకు విరామమిచ్చి, పల్లెకు పంపి, పాలు ప్రధానంగా గల ఆహారమిచ్చిన తరువాత అతడు చాలావరకు కోలుకొన్నాడు.

వైద్యచరిత్రలో మొదటగా నమోదైన ఈ ఇద్దరూ ఇంటర్మీడియట్ విద్యార్థుల వయసువారే కావడం గమనార్హం. వారిలో ఒకరు బాలుడు కావడం మరింత గమనార్హం. ఈ రుగ్మత బాలికలలో ఎక్కువగా కనిపించే మాట నిజమే. అయినా మగపిల్లలకు రాదనే నమ్మకం వల్ల వారిలో దీనిని గుర్తించడం తరచుగా ఆలస్యమవుతోంది.

1873లో పారిస్‌లో షార్ల్ లాసేగ్, లండన్‌లో సర్ విలియం గల్ వేర్వేరుగా ఈ రుగ్మతను వివరించారు. 'అనొరెక్సియా నెర్వోసా' అనే పేరు గల్ పెట్టినదే. నిర్ణీత వేళలకు ఆహారమివ్వడం, శరీరాన్ని వెచ్చగా ఉంచడం, రోగి ఇష్టాయిష్టాలకు తినడాన్ని విడిచిపెట్టకపోవడం అతని చికిత్సలో ముఖ్యాంశాలు. ఆహారమే ప్రథమ ఔషధమన్న ఆ సూత్రం నేటికీ చెల్లుతూనే ఉంది.

శరీరం, మనస్సు

ఆహారం తగ్గినప్పుడు శరీరం పొదుపు చేసే గృహస్థు వలె ప్రవర్తిస్తుంది. అత్యవసరం కాని ఖర్చులను ఒక్కొక్కటిగా తగ్గిస్తుంది. జుట్టు రాలుతుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. ఆడపిల్లలలో ఋతుక్రమం తప్పుతుంది. ఎముకల దృఢత్వంలో అధికభాగం కౌమారంలోనే సమకూరుతుంది కనుక ఆ కాలంలో కలిగిన నష్టాన్ని తరువాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. పొదుపు చివరకు గుండెను చేరుతుంది. గుండె కండరం సన్నగిల్లుతుంది, నాడి మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. పదేపదే వాంతులు జరిగితే రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పే ప్రమాదం ఏర్పడుతుంది.

మనస్సుపై పస్తుల ప్రభావాన్ని తెలిపే ప్రయోగం ఒకటి అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 1945 సంవత్సరాలలో జరిగింది. యుద్ధానంతరం క్షామపీడితులకు ఎలా ఆహారమివ్వాలో తెలుసుకోవడానికి ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దీనిని నిర్వహించాడు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలపాటు అర్ధాకలితో జీవించారు. వారెవరికీ అంతకుముందు ఆహార రుగ్మత లేదు. అయినా కొద్ది కాలానికే వారి ఆలోచనలన్నీ ఆహారం చుట్టూ పరిభ్రమించసాగాయి. కొందరు వంటల పుస్తకాలను అదేపనిగా చదివారు. చిరాకు, నిరుత్సాహం పెరిగాయి. స్నేహితులతో మాటలు తగ్గాయి. తిరిగి ఆహారం లభించిన తరువాత కూడా మనస్సు కుదుటపడడానికి చాలా కాలం పట్టింది.

ఈ ప్రయోగం చెప్పే నీతి ఒకటుంది. అనొరెక్సియాతో బాధపడేవారిలో కనిపించే చిరాకు, ఏకాంతప్రియత్వం, మొండిపట్టు వారి స్వభావం కావు. వాటిలో చాలాభాగం ఆకలి పుట్టించినవే. కృశించిన మెదడుతో తర్కించి ప్రయోజనం తక్కువ. ముందుగా దానికి పోషణ అందాలి. ఆ తరువాతనే మాటలతో చేసే చికిత్స ఫలిస్తుంది.

ఆసుపత్రి ఎప్పుడు?

ఆహార రుగ్మత ఉన్న ప్రతివారికీ ఆసుపత్రిలో చేరవలసిన అవసరం ఉండదు. చాలామందికి ఇంటివద్ద ఉంటూ వైద్యుల పర్యవేక్షణలో చికిత్స పొందడం సరిపోతుంది. అయితే కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు ఒక్కరోజు కూడా జాగు చేయరాదు. స్పృహ తప్పడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, గుండెదడ లేదా ఛాతీలో నొప్పి, మెట్లు ఎక్కలేనంత నీరసం, ఆహారాన్నీ నీటినీ పూర్తిగా మానివేయడం, ఆపుకోలేని వాంతులు, ఆత్మహత్య ఆలోచనలు అటువంటివి.

ప్రమాదాన్ని కంటితో చూసి నిర్ణయించడం తగదు. కౌమార వైద్యనిపుణులు అనుసరించే అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పగటివేళ మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువగా ఉన్నా, రక్తపోటు 90/45 కంటే తక్కువగా ఉన్నా ఆసుపత్రిలో చేర్చే విషయం ఆలోచించాలి. శిక్షణ పొందిన క్రీడాకారుల నాడి సహజంగానే నెమ్మదిగా ఉంటుంది. కాని ఆహారం మాని కృశించిన వ్యక్తి నాడి మందగించడం దృఢత్వానికి గుర్తు కాదు, అలసిన గుండెకు గుర్తు. వైద్యులు చేసే సులభమైన పరీక్ష ఇంకొకటి ఉంది. గుంజీ తీసినట్లు కిందికి కూర్చొని చేతుల ఆసరా లేకుండా పైకి లేవగలరా, వెల్లకిల పడుకొని చేతులు ఆనకుండా లేచి కూర్చోగలరా అని చూస్తారు. లేవలేకపోతే కండరాలు క్షీణించాయని గ్రహిస్తారు.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు ఒక ముఖ్యమైన హెచ్చరిక చేశాయి. రక్తపరీక్షల ఫలితాలు సాధారణంగా ఉన్నంతమాత్రాన ప్రమాదం లేదని భావించరాదు. బరువు సాధారణంగా ఉన్నంతమాత్రాన కూడా భావించరాదు. వేగంగా బరువు కోల్పోయిన వ్యక్తి చూపులకు ఆరోగ్యంగా కనిపిస్తూనే ప్రాణాపాయ స్థితిలో ఉండవచ్చు. "మరీ అంత సన్నగా లేదు కదా" అనే మాటతో ఏ రోగినీ వెనక్కి పంపరాదని దీని సారాంశం.

ఆసుపత్రిలో జరిగేది

పస్తులున్న బిడ్డను చూసిన తల్లి హృదయం ఒకేసారి కడుపునిండా పెట్టాలని ఆరాటపడుతుంది. ఆ ఆరాటం సహజమే అయినా, తీవ్రంగా కృశించిన శరీరానికి అది ముప్పు తేగలదు. చాలా రోజుల తరువాత ఆహారం అందగానే శరీరంలో ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలు హఠాత్తుగా కణాలలోకి చేరుతాయి. రక్తంలో వాటి స్థాయి పడిపోయి గుండె, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతినవచ్చు. దీనిని 'రీఫీడింగ్ సిండ్రోమ్' అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో దీర్ఘకాలం పస్తులున్న యుద్ధఖైదీలలో కొందరు విముక్తి పొంది తినడం మొదలుపెట్టిన తరువాత మరణించడాన్ని వైద్యులు గమనించారు.

ఆసుపత్రి అవసరం ఇక్కడే తెలుస్తుంది. వైద్యులు ఇ.సి.జి. తీస్తారు. తొలి రోజులలో రక్తంలోని లవణాలను తరచుగా పరీక్షిస్తారు. థయమిన్ అనే బి విటమిన్‌ను ముందుగా అందిస్తారు. ఆహారాన్ని ఒక క్రమపద్ధతిలో పెంచుతారు. అతిజాగ్రత్త పేరుతో చాలా తక్కువ ఆహారంతో రోజులు గడపడం కూడా హానికరమే కనుక ఈ పెంపుదల లెక్క ప్రకారం సాగుతుంది. రోగి భోజనం చేసేటప్పుడు, భోజనానంతరం కొంతసేపు నర్సు లేదా కుటుంబసభ్యులు పక్కన ఉంటారు. నోటితో తినడం ఏమాత్రం సాధ్యం కానప్పుడు ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి ద్రవాహారం అందిస్తారు. అది శిక్ష కాదు, కొంతకాలం ఉపయోగపడే ఊతకర్ర.

పల్లెలలోనూ పట్టణాలలోనూ నీరసం అనగానే ఒక సెలైన్ సీసా పెట్టించుకొని ఇంటికి తిరిగి వచ్చే అలవాటు ఉంది. ఈ రుగ్మతకు అది చికిత్స కాదు. సెలైన్ ఆహారం కాదు. పైగా పరీక్షలు చేయకుండా గ్లూకోజు ఎక్కించడం వల్ల, కృశించిన శరీరంలో పైన చెప్పిన లవణాల పతనమే సంభవించవచ్చు.

ఏ ద్వారం తట్టాలి?

కేవలం ఆహార రుగ్మతలకే ప్రత్యేకించిన విభాగాలు భారతదేశంలో బహు అరుదు. శరీరం, మనస్సు రెండూ దెబ్బతిన్న రోగి రెండు ద్వారాల మధ్య నిలబడవలసి వస్తుంది. జనరల్ మెడిసిన్ విభాగం "ఇది మానసిక సమస్య" అంటుంది. మానసిక వైద్య విభాగం "ముందు గుండె పరిస్థితి కుదుటపడాలి" అంటుంది. పదహారు, పదిహేడేళ్లవారికి మరొక చిక్కు కూడా ఉంది. పిల్లల వార్డులో చేర్చుకొనే గరిష్ఠ వయసు ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఒకచోట పిల్లలుగా పరిగణించినవారిని మరొకచోట పెద్దలుగా పరిగణిస్తారు.

ఈ చిక్కుకు పరిష్కారం క్రమం తెలిసి నడవడం. ప్రాణాపాయ లక్షణాలు ఉంటే 108 అంబులెన్సును పిలిచి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడ "ఆకలి లేదు, నీరసంగా ఉంది" అని మాత్రమే చెప్పి ఊరుకోరాదు. ఎన్ని నెలలుగా తినడం తగ్గింది, ఎంత బరువు ఎంత కాలంలో తగ్గింది, వాంతులు ఉన్నాయా, ఋతుక్రమం ఎప్పటినుంచి ఆగింది, ఎన్నిసార్లు స్పృహ తప్పింది అనే వివరాలను కాగితంపై వ్రాసి అందించాలి. "ఇది ఆహార రుగ్మత కావచ్చునని అనుమానం" అని స్పష్టంగా చెప్పాలి. శరీరస్థితి కుదుటపడే వరకు వైద్య వార్డులో ఉంచి, అక్కడికే మనోవైద్యుని పిలిపించడం ఉత్తమ మార్గం. వైద్యం, పిల్లల వైద్యం, మనోవైద్యం మూడూ అందుబాటులో ఉన్న బోధనాసుపత్రులలో ఇది సులువు. అత్యవసరం కాని పరిస్థితిలో బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలలో ఉన్న శిశు, కౌమార మనోవైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.

మనోవైద్యుని పేరు వినగానే కుటుంబం వెనుకంజ వేయడం తరచుగా జరిగే విషయం. తెలుగునాట ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే ఊరిపేట పేర్లు అక్కడి మానసిక వైద్యశాలల కారణంగా హేళనకు మారుపేర్లయ్యాయి. "పెళ్లి కావలసిన పిల్ల", "నలుగురికీ తెలిస్తే చిన్నతనం" అనే సంకోచం చికిత్సను వెనక్కి నెడుతుంది. లోకం నోటికి వెరచి బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టడం వివేకం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్యులపై ఉంచింది. శారీరక వ్యాధులకు వర్తించే విధంగానే మానసిక రుగ్మతల చికిత్సకు కూడా ఆరోగ్య బీమా వర్తింపజేయాలని బీమా సంస్థలను ఆదేశించింది.

పద్దెనిమిదేళ్ల గీత

ఈ వయసువారి చికిత్సలో పద్దెనిమిదో పుట్టినరోజు ఒక సరిహద్దు. పైన పేర్కొన్న చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారిని మానసిక ఆరోగ్య సంస్థలో చేర్చడానికి సంరక్షకులు దరఖాస్తు చేయాలి. ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించి చేరిక అవసరమని నిర్ధారించాలి. మైనరును పెద్దల వార్డులో కాక విడిగా ఉంచాలి. సంరక్షకుడు గాని, అతడు నియమించిన సహాయకుడు గాని వెంట ఉండాలి. ఈ చేరికను 72 గంటలలోగా సమీక్షా మండలికి తెలియజేయాలి.

పద్దెనిమిదేళ్లు నిండిన మరుక్షణం నుంచి ఆ వ్యక్తి తన చికిత్స గురించి తానే నిర్ణయించుకొనే హక్కు గల వయోజనుడు. ఆసుపత్రిలో ఉండగానే పద్దెనిమిదేళ్లు నిండితే వైద్యాధికారి ఆ వ్యక్తిని స్వతంత్ర రోగిగా పరిగణించాలి. ఈ హక్కు గౌరవనీయమైనది. అయితే ఆకలి వల్ల ఆలోచన మసకబారి, తన ప్రాణానికి ముప్పు ఉన్నదని గ్రహించలేని స్థితిలో ఉన్నవారి సంగతి ఏమిటనే ప్రశ్న ఉదయిస్తుంది. చట్టం ఇందుకు కూడా మార్గం చూపింది. తన బాగోగులు తాను చూసుకోలేక తీవ్రమైన హాని కలిగే స్థితిలో ఉన్న వ్యక్తిని, నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుపై, నిపుణుల పరీక్ష అనంతరం 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని సమీక్షా మండలి ముందు ప్రశ్నించే హక్కు రోగికి ఉంటుంది. కనుక "పద్దెనిమిదేళ్లు నిండాయి, ఇక చేయగలిగింది లేదు" అనే మాట నిజం కాదు. ఒప్పించడం మొదటి మార్గం. ప్రాణాపాయంలో రక్షించడం చివరి మార్గం.

చట్టం తీరు దేశాన్ని బట్టి మారినా, ఈ సరిహద్దు వద్ద పొంచి ఉన్న ప్రమాదం అంతటా ఒకటే. ఇంగ్లండులో 19 ఏళ్ల యువతి ఒకరు అనొరెక్సియాకు ఆసుపత్రిలో చికిత్స పొంది, 2012లో మరొక నగరంలోని విశ్వవిద్యాలయంలో చేరింది. ఇల్లు మారింది, వైద్యులు మారారు, చూసుకొనేవారు మారారు. కొద్ది నెలలలో ఆమె మళ్లీ క్షీణించి ఆ ఏడాది డిసెంబరులో మరణించింది. అక్కడి ఆరోగ్యసేవల అంబుడ్స్‌మన్ 2017లో వెలువరించిన నివేదిక ఆమె మరణం నివారించదగినదని పేర్కొని, ఆరోగ్య సంస్థల మధ్య సమన్వయలోపాన్ని ఎత్తిచూపింది. ఒక వైద్యుని చేతి నుంచి మరొక వైద్యుని చేతికి రోగిని అప్పగించే వేళ అత్యంత సున్నితమైనదని ఈ ఉదంతం నిరూపిస్తున్నది. పదవ తరగతి ముగించి ఇల్లు విడిచి వసతిగృహాలలో చేరే తెలుగు విద్యార్థులకు, ఇంటర్మీడియట్ ముగించి దూరనగరాలకు వెళ్లేవారికి కూడా ఇది వర్తిస్తుంది. డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. కొత్త ఊరిలో ఏ వైద్యుడు చూస్తాడు, బరువు, నాడి ఎవరు పరీక్షిస్తారు, క్షీణిస్తే ఎవరికి తెలపాలి అనే విషయాలు ప్రయాణానికి ముందే నిశ్చయం కావాలి. అవసరమైతే చదువుకు ఒక ఏడాది విరామమివ్వడం నష్టం కాదు.

ఇల్లే రెండవ ఆసుపత్రి

పందొమ్మిదో శతాబ్దంలో సర్ విలియం గల్ బంధువులను రోగికి దూరంగా ఉంచడమే మేలని తలచాడు. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు ఇందుకు భిన్నమైన మార్గం చూపారు. తల్లిదండ్రులు రుగ్మతకు కారకులు కారు, చికిత్సలో భాగస్వాములు అని వారు భావించారు. బిడ్డ మళ్లీ తినగలిగే వరకు భోజన బాధ్యతను తల్లిదండ్రులకు అప్పగించి, వైద్యులు వారికి తోడ్పడ్డారు. 19 ఏళ్లలోపు మొదలై మూడేళ్లు దాటని అనొరెక్సియాలో ఈ పద్ధతి మేలైన ఫలితమిచ్చినట్లు 1987లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఆలస్యం ఎందుకు చేయరాదో ఈ ఫలితం కూడా చెబుతున్నది. మొక్కగా ఉన్నప్పుడు వంగేది మానైన తరువాత వంగడం కష్టం.

ఈ పద్ధతిలో కోపానికి, బతిమాలుటకు, లంచానికి తావు లేదు. కంచం ముందు కూర్చొన్న తల్లి ప్రశాంతంగా, దృఢంగా ఉండాలి. "నీ మీద కోపం లేదు, నీకు పట్టిన జబ్బుతోనే తగవు" అన్న భావం బిడ్డకు అందాలి. బరువు, ఆకారం గురించి వ్యాఖ్యలు చేయరాదు. "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు" అని చుట్టాలు మెచ్చుకోలుగా అన్న మాట సైతం కోలుకొంటున్నవారి గుండెలో ములుకై దిగవచ్చు.

సహాధ్యాయుల పాత్ర కూడా చిన్నది కాదు. వసతిగృహంలో భోజనవేళ తరచుగా మాయమయ్యే మిత్రుడు, తిన్న వెంటనే స్నానాలగదికి వెళ్లే మిత్రురాలు, ఎండాకాలంలోనూ స్వెట్టరు విడువనివారు కనిపిస్తే పరిహాసం చేయరాదు. ఆప్యాయంగా పలకరించి, వార్డెనుకో, అధ్యాపకునికో, తల్లిదండ్రులకో తెలపాలి. "ఎవరికీ చెప్పవద్దు" అని మిత్రులు ప్రాధేయపడినా ప్రాణాపాయం ఉన్నచోట రహస్యాన్ని దాచడం స్నేహధర్మం కాదు. ఆ క్షణంలో నిష్ఠురమైనా, కోలుకొన్న తరువాత ఆ మిత్రులే ఆ మేలును గుర్తిస్తారు.

కోలుకోవడం ఒక్క రోజులో జరిగేది కాదు. ఆసుపత్రి వారాలలో శరీరాన్ని నిలబెడుతుంది. మనస్సు నిలబడడానికి నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు పడతాయి. మధ్యలో తొట్రుపాట్లు ఉంటాయి. అవి ఓటమికి గుర్తులు కావు. ఆగిన ఋతుక్రమం తిరిగి రావడం, చల్లబడిన చేతులు వెచ్చబడడం, మాటల్లో నవ్వు వినిపించడం, పుస్తకంపై మళ్లీ మనస్సు నిలవడం కోలుకొంటున్నారనడానికి చిహ్నాలు. వ్రతం పట్టినవారికి పారణ ఎంత అవసరమో, రుగ్మత పట్టినవారికి చికిత్స అంత అవసరం. తమంతట తాము పారణ చేయలేనివారికి నలుగురూ తోడై ఆ పూటను తీసుకురావడమే వైద్యం.

కఠిన పదాలు - అర్థాలు

పారణ : ఉపవాసానంతరం చేసే భోజనం
లంఖణం : పస్తు, ఉపవాసం
కృశత్వం : చిక్కిపోవడం
కౌమారం : బాల్యానికి, యౌవనానికి నడుమ ప్రాయం
వ్యాకులత : కలత
జాగు : ఆలస్యం
ములుకు : ముల్లు, వాడిమొన
ఉదంతం : జరిగిన విషయం, వృత్తాంతం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆహార రుగ్మతకు ఆసుపత్రి చికిత్స ఎప్పుడు అవసరమో, అక్కడ చికిత్స ఎలా సాగుతుందో వివరించండి.
2. పద్దెనిమిదేళ్లకు అటూ ఇటూ ఉన్నవారి చికిత్సలో ఎదురయ్యే చిక్కులను, వాటికి చట్టం చూపిన మార్గాలను చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రిచర్డ్ మార్టన్ పేర్కొన్న రెండు ఉదాహరణలను తెలపండి.
2. మినెసోటా ప్రయోగం వల్ల తెలిసిన విషయమేమిటి?
3. పస్తులున్నవారికి ఒకేసారి ఎక్కువ ఆహారం ఎందుకు పెట్టరాదు?
4. సహాధ్యాయుల బాధ్యతను గురించి వ్రాయండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'అనొరెక్సియా నెర్వోసా' అనే పేరు పెట్టినవారెవరు?
2. టెలీ మానస్ సేవ ఎప్పుడు ప్రారంభమైంది?
3. మైనరు చేరికను ఎన్ని గంటలలోగా సమీక్షా మండలికి తెలియజేయాలి?
4. బులీమియా ఉన్నవారి బాధ ఇతరుల దృష్టికి ఎందుకు రాదు?